బండి నుంచి బల్లదాకా

కర్నూలు పేరు వెనక ఒక బండి ఉంది. తుంగభద్రకు అవతల ఆలంపురంలో గుడి కట్టడానికి రాళ్లు తోలే బండ్లు ఏరు దాటేముందు ఈ గట్టున ఆగేవని, ఇరుసులకు ఇక్కడే కందెన పూసుకునేవారని, అందువల్ల ఈ చోటు కందెనవోలు, కందనవోలు అయి చివరికి కర్నూలుగా స్థిరపడిందని స్థలకథ. కథలో చరిత్ర పాలెంత అన్నది పండితులు తేల్చుకోవలసిన మాట. ఒక నగరం తన పేరును రాజుకో దేవుడికో కాక, ఆముదంలో మసి కలిపి ఇరుసుకు పూసే కందెనకు ముడిపెట్టుకుని తరతరాలుగా చెప్పుకుందంటే, ఆ జనం బతుకులో బండికి ఉన్న చోటు మనకు తెలుస్తుంది. బండి ఉన్నచోట దాన్ని కట్టిన వడ్రంగి ఉంటాడు. ఈ సీమ పల్లెల్లో అతన్ని వడ్లాయన అన్నారు, ఆచారి అన్నారు. హంద్రి ఒడ్డున ఉండి, ఇప్పుడు కర్నూలు నగరంలో కలిసిపోయిన కల్లూరులో ఈ రోజు ఎవరైనా ఇంటి వెనక రేకుల కొట్టం వేసుకుని, సొంత పనికోసం ఒక గట్టి చెక్కబల్ల కట్టుకోవాలనుకుంటే, ఆ పనికి వెనక ఎంత చరిత్ర ఉందో అడగడం ఈ వ్యాసం ఉద్దేశం. నడుమెత్తు పనిబల్ల ఇక్కడి వడ్రంగానికి కొత్త. తరాలపాటు ఇక్కడి పనంతా నేలమీదే సాగింది. ఆ కొత్తదనాన్ని చూసి, బల్ల లేని విద్య వెనకబడ్డ విద్య అని తీర్పు చెప్పినవారు చాలామంది. నా వాదన వేరు. బల్ల లేకపోవడానికి కారణం ఇక్కడి కొయ్యలోను, కూలిలోను, పని జరిగే చోటులోను ఉంది. అవి మూడూ మారినప్పుడే బల్ల వచ్చింది. వచ్చిన బల్లను గట్టిగా నిలబెట్టే విద్య మాత్రం అప్పటికే బండి రూపంలో ఇక్కడ ఉంది.

ముందుగా ఆ తీర్పు సంగతి చూద్దాం. 1782లో తన భారత యాత్రల పుస్తకం అచ్చువేసిన ఫ్రెంచి ప్రకృతి శాస్త్రవేత్త పియర్ సొనెరా ఇక్కడి వడ్రంగిని గురించి రాస్తూ, అతని దగ్గర నాలుగైదు పనిముట్లే ఉంటాయని, నేలే అతనికి బల్ల అని, చెక్కను కదలకుండా పట్టి ఉంచేది అతని పాదమేనని, తమ దేశపు పనివాళ్లు మూడు రోజుల్లో ముగించే పనికి ఇతనికి నెల పడుతుందని చెప్పాడు. ఈ మాటల్ని జేమ్స్ మిల్ 1817లో వెలువరించిన తన బ్రిటిష్ ఇండియా చరిత్రలోకి ఎత్తిరాసుకుని, ఈ దేశం నాగరికతలో కింది మెట్టున ఉందనడానికి సాక్ష్యంగా వాడుకున్నాడు. మిల్ భారతదేశంలో ఎన్నడూ అడుగుపెట్టలేదు. సొనెరా మాత్రం కళ్లారా చూసి రాసినవాడే, అతను చూసిన విషయంలో తప్పు లేదు. వడ్లాయన నిజంగానే నేలమీద గొంతుకూర్చున్నాడు, కాలి బొటనవేలితో చెక్కను అదిమిపట్టాడు, ఎదురుగా ఒక మొద్దు పెట్టుకుని దానిమీద బాడిసతో చెక్కాడు. బాడిస, ఉలి, రంపం, చిత్రిక, బరమ, సుత్తి, మూలమట్టం దాటి అతని సంచిలో పెద్దగా ఏమీ లేదు. తప్పంతా చూసినదానికి కట్టిన అర్థంలో ఉంది. మూడు రోజులకూ నెలకూ పోలిక పెట్టాలంటే రెండు చోట్లా ఒకే కొయ్య, ఒకే వస్తువు, ఒకే రకం కూలి ఉండాలి. ఆ మూడింటిలో ఒక్కటీ సమానం కాదు.

కూలితో మొదలుపెడదాం. కడప, బళ్లారి ప్రాంతాలను నిజాం 1800లో ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. థామస్ మన్రో ఆ దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా 1807దాకా ఉన్నాడు. కర్నూలు నవాబు పాలన మాత్రం 1839దాకా సాగింది. ఏలిక ఎవరైనా పల్లె లోపలి కట్టుబాటు దాదాపు ఒక్కటే. 1812లో బ్రిటిష్ పార్లమెంటు ముందుకు వచ్చిన ఐదో నివేదిక మద్రాసు ప్రెసిడెన్సీలోని పల్లెను వర్ణిస్తూ కరణం, తలారి, నీరుగట్టువాడు, పురోహితుడు, కుమ్మరి, చాకలి, మంగలితోపాటు కమ్మరినీ వడ్రంగినీ కూడా ఊరి ఉద్యోగుల వరుసలోనే చూపింది. సేద్యపు పనిముట్లు చేయడం, రైతు ఇల్లు కట్టడం వాళ్ల పని అని చెప్పింది. మన పల్లెల్లో వాళ్లను ఆయగాండ్లన్నారు. వాళ్లకు వస్తువుకింత అని వెల ఉండేది కాదు. పంట కల్లానికి వచ్చినప్పుడు రైతు తూర్పారబట్టిన రాశిలోంచి మేర కొలిచేవాడు. కొందరికి ఇనాం భూమి ఉండేది. దానికి బదులుగా వడ్లాయన ఆ ఊరి మడకలన్నింటినీ, అంటే నాగళ్లన్నింటినీ, ఏడాది పొడుగునా పనికి ఆయత్తంగా ఉంచాలి. తొలకరి పడ్డ పొద్దున మడక విరిగితే ఆ రైతు ఆచారి ఇంటికి కొయ్య మోసుకురాడు, ఆచారే చేని గట్టుకు వెళతాడు. గొర్రుకు విత్తనాల గిన్నె అయిన జడ్డిగం అమర్చడం, గుంటకకు దిండు మార్చడం, బండి నొగలు సరిచేయడం అన్నీ వస్తువు ఉన్నచోటే జరగాలి. ఇలాంటి మనిషికి వంద కిలోల బల్ల ఎందుకు? అతని కార్ఖానా అతని భుజాన వేలాడే సంచి. బల్ల కావాలంటే పని ఒకచోట కుదురుకోవాలి. మేర కూలి ఉన్నంతకాలం ఆ కుదురు రాదు.

రెండోది కొయ్య. ఈ ఎండసీమ చేలగట్లమీద వడ్లాయనకు చేతికందేది నల్లతుమ్మ, వేప, చింత. నల్లమల నుంచి టేకు, ఏగిస, మద్ది, సండ్ర వచ్చేవి. కొండవాలుల్లో నారయేపి దొరికేది. అది నీళ్లలో వేస్తే మునిగిపోయేంత బరువైన కొయ్య. వీటిలో పనిముట్లకూ చక్రాలకూ ముఖ్యమైంది తుమ్మ. తుమ్మ నిటారుగా పెరగదు. ఆ వంకరే వడ్లాయనకు పెట్టుబడి. మడకకు కావలసిన వంపు చెట్టులోనే వెతికి, ఆ వంపు వెంట ఈనె తెగకుండా బాడిసతో చెక్కితే వచ్చే బలం, నిటారు చెక్కను వంకరగా కోస్తే రాదు. ఈనెకు అడ్డంగా కోసిన చోట బరువు పడగానే చీలిక పుడుతుంది. పచ్చిగా, గుండ్రంగా, వంకరగా, మనిషంత బరువున్న మొద్దును నడుమెత్తు బల్లమీదికి ఎక్కించి పనిచేయడం తెలివితక్కువ. నేలమీద పడుకోబెట్టి, కాలితో దొర్లిస్తూ, పైనుంచి బాడిస దెబ్బ వేస్తే మనిషి బరువూ పనిముట్టు బరువూ రెండూ కలిసివస్తాయి. పాదం ఇక్కడ ఏ ఇనప బిగింపూ చేయలేని పని చేస్తుంది. ప్రతి దెబ్బకూ పట్టు మారుస్తుంది, వంకర ఎటు తిరిగితే అటు తిరుగుతుంది. అంటే వడ్లాయన నేలను వాడుకున్నది బల్ల ఊహకు అందక కాదు, అతని కొయ్యకు నేలను మించిన బల్ల లేదు కాబట్టి.

ఈ మాట మన ఊరిమీద అభిమానం కొద్దీ అంటున్నది కాదని ప్రపంచంలో తక్కినచోట్లు చూస్తే తెలుస్తుంది. జర్మనీలోని జాల్‌బుర్గ్ రోమన్ కోటలో బయటపడ్డ పనిబల్లలు పద్దెనిమిది వందల ఏళ్ల నాటివి. పాంపే గోడల చిత్రాల్లోనూ పొట్టి కాళ్ల రోమన్ బల్లలు కనిపిస్తాయి. కాబట్టి బల్ల పాశ్చాత్యుల కొత్త కల్పన అనడానికి వీల్లేదు. పారిస్ వడ్రంగి ఆంద్రే జాకబ్ రూబో 1769కీ 1774కీ మధ్య అచ్చువేసిన గ్రంథంలో పనిబల్లకు కొలతలిచ్చాడు. పై చెక్క మందం 5, 6 అంగుళాలు, వెడల్పు రెండడుగుల లోపు, పొడవు 6 నుంచి 12 అడుగులు. ఆ బల్లమీద జరిగే పని తలుపులు, గోడ పలకలు, సామాను. దానికి వాడే కొయ్య నిటారైన ఓక్, బీచ్ చెట్లనుంచి కోసి, ఏళ్లపాటు ఆరబెట్టిన పలకలు. రూబో కాలంలోనే జపాన్ వడ్రంగులు మందిరాలూ ఇళ్లూ కడుతున్నారు. అతుకుల నేర్పులో వాళ్లను వెనకబడ్డవాళ్లు అనగలిగినవారు లేరు. ఆ వడ్రంగులు నేలమీద కూర్చుని, ఏటవాలుగా పెట్టిన దూలంమీద చిత్రికను తమవైపు లాక్కుంటూ పనిచేశారు. సొనెరా కొలబద్ద పెడితే జపాన్ కూడా కింది మెట్టే కావాలి. ఆ కొలబద్ద సరైంది కాదని ఈ ఒక్క ఉదాహరణే తేలుస్తుంది. బల్ల ఎత్తు నాగరికత ఎత్తును చెప్పదు. ఆ ఊళ్లో కొయ్య ఎలా దొరుకుతుందో, పని ఎక్కడ జరుగుతుందో, ఏ పనిముట్టును ఎటు తోస్తారో అది చెబుతుంది.

అలాగని కదలిక లేని స్వర్గంలాంటి పల్లెను ఊహించుకోవడం కూడా సత్యం కాదు. పందొమ్మిదో శతాబ్దం చివర జార్జి బర్డ్‌వుడ్, ఇరవయ్యో శతాబ్దం మొదట ఆనంద కుమారస్వామి మన ఊరి చేతివృత్తులను మెచ్చుకుంటూ రాశారు. ఆ మెప్పులో చాలా నిజం ఉంది. కానీ మేర కూలి పంటతో ముడిపడ్డది. పంట పోతే మేర పోతుంది. 1876 నుంచి 1878దాకా సాగిన క్షామంలో కర్నూలు జిల్లా దారుణంగా దెబ్బతిన్నది. 1871 జనాభా లెక్కలకూ 1881 లెక్కలకూ మధ్య ఈ జిల్లా జనాభా దాదాపు నాలుగో వంతు తరిగిపోయింది. కల్లంలో రాశి లేనప్పుడు వడ్లాయనకు కొలిచేదేముంటుంది? మడకలు మూలపడ్డాక బాడిసకు పనేముంటుంది? ఊరికి కట్టుబడి ఉన్నందువల్ల మామూలు ఏడాది దొరికే భద్రత, కరువు ఏడాది ఉరితాడైంది. నేలమీది పనిని మెచ్చుకునేవారు ఈ సంగతి మరిచిపోకూడదు. పైగా ఆ విద్య పుట్టుకతో వచ్చేది. విశ్వబ్రాహ్మణుల ఐదు వృత్తుల్లో వడ్రంగం ఒకటి. కందిమల్లయపల్లెలో పోతులూరి వీరబ్రహ్మం వడ్రంగం చేసుకుంటూ బతికాడని చెప్పుకునే ఈ సీమలో ఆ పనికి గౌరవం ఉన్నమాట నిజం. అయినా తండ్రి చేతినుంచి కొడుకు చేతికి తప్ప ఆ బాడిస పక్కింటికి పోలేదు.

మార్పు మూడు దారుల్లో వచ్చింది. మొదటిది కాలువ. మద్రాసు ఇరిగేషన్ కంపెనీ 1863లో సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కడుతూ మొదలుపెట్టిన కర్నూలు-కడప కాలువను సాగుకే కాక పడవలు నడపడానికీ ఉద్దేశించారు. 190 మైళ్ల పొడవున లాకులు కట్టారు. లాకు తలుపు చేని గట్టుమీద చెక్కే మడక లాంటిది కాదు. రెండు తలుపులు ఒకదానికొకటి నీరు కారకుండా ఆనాలి, ఒకటి పాడైతే అదే కొలతతో ఇంకొకటి చేయాలి. కొలత కాగితంమీద ఉంటుంది, కూలి రోజు లెక్కన ఉంటుంది. రెండోది రైలు. మద్రాసు రైల్వే వాయవ్య మార్గం కడప, గుత్తి మీదుగా 1871లో రాయచూరు చేరి బొంబాయి దారితో కలిసింది. స్లీపర్లకూ ఇంజన్లలో వంటచెరకుకూ అడవి కొయ్య బండ్లకెత్తింది. మూడోది చట్టం. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అంతకుముందు రైతు అడవికిపోయి మడక కర్రను, బండి నొగలను ఊరి హక్కుగా తెచ్చుకునేవాడు. రిజర్వు గీతలు పడ్డాక కొయ్యకు పర్మిట్టు, రుసుము, డిపో వచ్చాయి. ఈ మూడో మార్పునే పనిబల్ల చరిత్రలో అన్నిటికన్నా పెద్దదిగా చూస్తాను. కొయ్య చెట్టు రూపం విడిచి ఘనపుటడుగుల లెక్కలోకి వచ్చింది. వంకర కొమ్మ విలువ పడిపోయింది, నిటారు టేకు దుంగ విలువ పెరిగింది. కోత మిల్లు పలకలు వరసగా రావడం మొదలయ్యాక వడ్రంగి చేతిలో ముఖ్యమైన పనిముట్టు బాడిస స్థానంలో చిత్రిక అయింది. చిత్రికను ముందుకు తోయాలంటే పలక చదునుగా పడుకోవాలి, కదలకూడదు, మనిషి నిలబడి ఒళ్లంతా ఆ తోపులో పెట్టాలి. బల్ల అవసరం పుట్టింది అక్కడే.

బల్లను మొదట పరిచయం చేసినవి బడులు. అలెగ్జాండర్ హంటర్ 1850లో మద్రాసులో మొదలుపెట్టిన కళల పాఠశాల చేతిపనులను తరగతి గదిలోకి తెచ్చింది. క్షామంలో అనాథలైన పిల్లలను చేరదీసిన మిషన్లు మద్రాసు ప్రెసిడెన్సీలో పలుచోట్ల వడ్రంగం నేర్పాయి. స్వాతంత్ర్యం వచ్చాక 1950లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన వృత్తిశిక్షణ పథకం కింద ఐటీఐలు వచ్చాయి. ఆ వర్క్‌షాపుల్లో వరసగా బల్లలు, ప్రతి బల్లకూ ఒక ఇనప వైస్, ఒక్కో విద్యార్థికి ఒక్కో చోటు. ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. ఈ బడులు తండ్రి దగ్గర నేర్చే విద్యను చంపాయని, కొయ్య గుణం తెలియని, కొలతలు మాత్రమే తెలిసిన పనివాళ్లను తయారుచేశాయని అంటారు. అందులో కొంత నిజముంది. చెట్టులో మడకను చూసే కన్ను తరగతి గదిలో పుట్టదు. అయితే ఈ బల్లల వరస చేసిన ఒక పనిని ఆ నష్టంతో తూచి చూడాలి. ఏ కులంలో పుట్టినవాడైనా వచ్చి నిలబడి ఉలి పట్టగలిగిన మొదటి చోటు అదే. నేలమీద కూర్చునే చోటు వారసత్వంగా వచ్చేది, బల్ల దగ్గర నిలబడే చోటు దరఖాస్తు పెట్టుకుంటే వచ్చేది. ఈ రోజు కల్లూరులో వడ్రంగంతో ఏ సంబంధమూ లేని ఇంట్లో పుట్టిన మనిషి సొంత పనికోసం బల్ల కట్టుకోవాలని తలపెట్టగలిగాడంటే, ఆ స్వేచ్ఛ ఆ బల్లల వరసలోంచి వచ్చిందే. విద్య పోగొట్టుకున్న సూక్ష్మాన్ని తిరిగి నేర్చుకోవచ్చు. మూసిన తలుపులోంచి మాత్రం ఏమీ నేర్చుకోలేం.

1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. కట్టడాలు చాలక కొన్ని కార్యాలయాలు గుడారాల్లోనే నడిచాయి. 1956లో రాజధాని హైదరాబాదుకు తరలిపోయింది. ఆ మూడేళ్లలో ఊరికి అలవాటైన కుర్చీ, మేజా, బీరువా, బెంచీల ప్రపంచం మాత్రం తరలిపోలేదు. ఆఫీసులు, బడులు, ఆసుపత్రులు కోరే సామాను నిటారు పలకలతో, లంబకోణాలతో, ఒకే కొలతలో పదుల కొద్దీ చేయవలసినది. ఆ తరవాత ట్రాక్టరు, రబ్బరు టైరు బండి, ఇనప మడక పల్లెలోని వడ్లాయన పనిని ఒక్కొక్కటిగా పట్టుకుపోయాయి. కల్లూరు పారిశ్రామిక ఎస్టేట్ షెడ్లు, కోత మిల్లులు, తలుపు చట్రాలు చేసే అంగళ్లు అతనికి కొత్త చోటయ్యాయి. పని మనిషి దగ్గరికి రావడం మొదలైంది, మనిషి పని దగ్గరికి పోవడం తగ్గింది. కూలి గంటల లెక్కకు వచ్చింది. కొయ్య పలకగా వచ్చింది. నేను మొదట చెప్పిన మూడు కారణాలూ తలకిందులయ్యాయి, బల్ల నిలబడింది. ఒక్క సాంకేతిక కారణంతోనే బల్ల వచ్చిందంటే ఇది వందేళ్ల ముందే జరిగి ఉండాలి. ఎందుకంటే 1850 తరవాత బల్ల ఎలా ఉంటుందో మద్రాసు ప్రెసిడెన్సీలోని బడుల్లో చూసే వీలుంది. తెలిసీ వడ్లాయన దాన్ని తెచ్చుకోలేదంటే, అప్పటికి దానితో పని లేదు కాబట్టి.

ఇప్పుడు వాదనలోని రెండో సగం. బల్ల కొత్తదైతే దాన్ని గట్టిగా కట్టే విద్య బయటినుంచి తెచ్చుకోవాలా? పనిబల్ల ఎందుకు ఊగుతుందో ఆలోచిస్తే జవాబు దొరుకుతుంది. పైనుంచి పడే బరువును ఏ నాలుగు కాళ్లయినా మోస్తాయి. బల్లను పాడుచేసేది పక్కవాటు తోపు. చిత్రిక ముందుకు పోయిన ప్రతిసారీ కాళ్లకూ అడ్డకర్రలకూ మధ్య అతుకు కొద్దిగా కదులుతుంది. మేకులతో బిగించిన అతుకులో మేకు చుట్టూ కొయ్య నలిగి బెజ్జం పెద్దదవుతుంది, ఏడాది తిరక్కుండానే బల్ల కిర్రుమంటుంది. సరిగ్గా ఇదే బాధను బండి చక్రం రోజుకు వేలసార్లు పడుతుంది. గతుకులో దిగినప్పుడల్లా ఆకులమీద పక్కవాటు తోపు పడుతుంది. వడ్లాయన దానికి మేకు వాడలేదు. ఆకు రెండు కొనలనూ కుసిగా సన్నంచేసి, ఒక కొనను నడిమి కుండలోని బెజ్జంలోకి, రెండోదాన్ని చక్రపు అంచు ముక్క అయిన పూటి బెజ్జంలోకి దిగగొట్టాడు. సాధారణంగా ఒక్కో పూటికి రెండేసి ఆకులు. చివరికి ఇనప పట్టాను చక్రం చుట్టుకొలత కన్నా కొద్దిగా తక్కువగా చేసి, పిడకల మంటలో కాల్చి, ఎర్రగా ఉండగానే ఎక్కించి నీళ్లు పోశారు. ఐదడుగుల చక్రానికి ఎక్కించే పట్టా ఐదు వందల డిగ్రీలు వేడెక్కితే చుట్టుకొలత సుమారు ఒక అంగుళం పెరుగుతుంది. చల్లారేటప్పుడు ఆ అంగుళం వెనక్కి లాగి ప్రతి కుసినీ దాని బెజ్జంలో ఇరికిస్తుంది. అతుకును లోపలికి లాగే బలం అతుకులోనే ఉండాలన్న సూత్రం ఇది. బల్లకు ఇనప పట్టా ఎక్కించలేం. కానీ కుసిలో వేసే రంధ్రాన్ని, బెజ్జం గోడలోని రంధ్రానికన్నా ఓ నూలు భుజం వైపు జరిపి, అందులో తుమ్మ చీలను దిగగొడితే అదే లాగుడు వస్తుంది. జిగురు విడిచినా ఆ అతుకు విడవదు.

కల్లూరు వాతావరణం ఇంకో పాఠం చెబుతుంది. ఏడాదికి ఆరేడు వందల మిల్లీమీటర్ల వాన, అదీ కొన్ని నెలల్లోనే. ఏప్రిల్, మేలో నలభై డిగ్రీలు దాటే ఎండ. పలక ఈనె పొడవునా దాదాపు మారదు, అడ్డంగా మాత్రం ఎండకు కుదించుకుంటుంది, తేమకు ఉబ్బుతుంది. రెండడుగుల వెడల్పు బల్లలో వేసవికీ వానాకాలానికీ తేడా పావు అంగుళం దాకా రావచ్చు. ఆ పలకను కింది చట్రానికి నాలుగువైపులా కదలకుండా బిగిస్తే అది చీలుతుంది. ముందు అంచును బిగించి వెనక అంచుకు జరిగే సందు ఇవ్వాలి. ఇదీ పాత విద్యే. మట్టి మిద్దె కట్టినవారు దూలాలమీద దంతెలను పరిచి, కొయ్యకు ఎండావానల కదలిక ఉంటుందని తెలిసి చోటు వదిలారు. టన్నుల కొద్దీ మన్ను మోసిన దూలాలు అవి. పచ్చి తుమ్మను చెరువు నీటిలో నెలల తరబడి నానవేసి, రసం పోయాక నీడన ఆరబెట్టే పద్ధతి కూడా పురుగునూ పగుళ్లనూ దూరంపెట్టడానికే. కాబట్టి కొలతలు రూబోనుంచి తీసుకున్నా కొయ్య సంగతి ఇక్కడివారినే అడగాలి. కాళ్లకు తుమ్మ, నాలుగంగుళాల చదరం. పైచెక్కకు బాగా ఆరిన వేప, లేదా కూల్చిన మిద్దెలోంచి వచ్చిన పాత టేకు దూలం, మూడంగుళాలకు తగ్గకుండా. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు బల్లకు మొత్తం ఐదు ఘనపుటడుగుల కొయ్య పడుతుంది. తుమ్మ లెక్కన చూస్తే అది వంద కిలోలు దాటుతుంది. ఆ బరువే దాని మొదటి బలం. ఎత్తు, నిలబడి చేయి వదిలేస్తే మణికట్టు తగిలేంత. అడ్డకర్రలు నేలకు దగ్గరగా, వెడల్పుగా ఉండాలి. కుసి ఎంత వెడల్పైతే ఊగడానికి అంత అడ్డు. కింద బేతంచెర్ల బండల నేల ఉంటే ఎత్తుపల్లాలకు నాలుగు కాళ్లూ ఆనేలా అడుగున చెక్కుకోవాలి.

చివరి ఆక్షేపణ ఒకటి మిగిలింది. ఇనప చట్రంమీద ప్లైవుడ్ వేసుకుంటే రోజులో పని అయిపోతుంది, కరెంటు పనిముట్లు వచ్చాక చిత్రిక తోసేదెవరు, ఇంత శ్రమ దేనికి అంటారు. అంగట్లో రోజుకు పది చట్రాలు చేయవలసిన మనిషికి ఆ మాట సరైనదే, అతని పనికి తగ్గ బల్ల అది. బల్ల పనిని బట్టి రావాలన్నదే మొదటినుంచీ నా వాదన కాబట్టి దాన్ని కాదనలేను. కానీ ఇంటి కొట్టంలో పని వేరు. అక్కడ తొందరలేదు, కూలి లెక్కలేదు, ఒక కుర్చీ కాలు విరిగితే దానికి తగ్గ కొత్త కాలు చెక్కడం, తలుపు ఉబ్బితే అంచు తీయడం లాంటి పనులు. ఒకప్పుడు ఆయగాడు ఊరికి చేసింది ఇదే, వస్తువు బతికి ఉండేలా చూడటం. ఇనప చట్రం వదులైతే వెల్డింగుకు పోవాలి. కుసి వదులైతే ఒక చీల చెక్కి దిగగొడితే చాలు. తన బల్లను తానే బాగుచేసుకోలేనివాడు దానిమీద ఇంకో వస్తువును బాగుచేయడం ఎలా నేర్చుకుంటాడు? చెక్కబల్ల కట్టడం వడ్రంగంలో మొదటి పాఠం కావడానికి కారణం ఇది. బండిని పట్టి ఉంచే కుసి అతుకే దానిలోనూ ఉంటుంది, తప్పు చేస్తే మనిషి ప్రాణంమీదికి రాదు, కిర్రుమని చెప్పి ఊరుకుంటుంది.

భద్రిరాజు కృష్ణమూర్తి 1962లో వ్యవసాయ వృత్తిపదకోశాన్ని వెలువరించేటప్పటికి మడక భాగాల పేర్లు జిల్లా జిల్లాకూ మారుతూ జనం నోట సజీవంగా ఉన్నాయి. వస్తువు పోతే పేరు పోతుంది. మడక, బండి మన కళ్లముందే పోతున్నాయి, వాటితో కుసి, పూటి, చీల, జడ్డిగం అనే మాటలు కూడా పోతున్నాయి. పనిబల్లకు ఆ మాటల్లో కొన్నింటిని బతికించే శక్తి ఉంది. దాని అతుకును కుసి అనవచ్చు, దాన్ని బిగించేదాన్ని చీల అనవచ్చు. ఎందుకంటే అవి నిజంగానే అవే. బల్ల ముందు బిగించిన వైస్ ఇనప మర మాత్రం మనది కాదు, దాని పేరూ మనది కాదు. అది కూడా ఎండాకాలం దుమ్ముకు బిర్రబిగుసుకుపోతుంది. అప్పుడు దానికి పూసేది కందెనే. ఆ మాట కర్నూలులో ఎవరికీ విడమర్చి చెప్పనక్కరలేదు.